మాస్టారు కాదన్న స్ఫటికం

మాస్టారు పోయారన్న కబురు మా ఆయన నాకు అన్నం తిన్నాక చెప్పాడు. డ్యూటీ దిగి షెడ్డు నుంచి వస్తూ దారిలోనే విన్నాడట. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని, నేను మజ్జిగన్నం ముగించి చెయ్యి కడుక్కునేదాకా ఏమీ ఎరగనట్టు పేపరు తిరగేశాడు. మా ఇళ్ళలో అది మర్యాద. చావు కబురు కంచం ముందు చెప్పరు. 

నాకు ఇంకా వికారంగానే ఉంది. ఆయన పోయినందుకు కాదు. పెద్దవారు, గుండెజబ్బు మనిషి, నిద్రలోనే సుఖంగా వెళ్ళిపోయారు. ఆ తరవాత జరిగిన సంతాపసభ వల్ల నాకు ఈ వికారం. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. మంచి మాటలు ఆ సభలో కావలసినన్ని దొర్లాయి. వాటి కంపు నా ముక్కులోంచి పోవాలంటే ఉన్నది ఉన్నట్టు రాయడమొక్కటే దారి.

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాస్టారంటే ఆయన ఒక్కరే. స్కూల్లో చెప్పేవాళ్ళని సార్ అనేవాళ్ళం. ఈయన ఊళ్ళో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ గార్డుగా చేసి రిటైరయ్యారు. మాస్టారి భార్యని నేను పిన్ని అని పిలుస్తాను. ఆవిడ రైల్వే ఆఫీసులో క్లర్కు, క్వార్టరు ఆవిడ పేరు మీదే వచ్చింది. ‘నేను మా ఆవిడ పాసు మీద బతికీ మనిషిని’ అని మాస్టారు అందరికీ గొప్పగా చెప్పుకునేవారు.

ఆయన దేవుడేమీ కాదు. సభలో దేవుణ్ణి చేశారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. నశ్యం పీల్చేవారు. పీల్చి ఊరుకోకుండా ఆ చేత్తోనే కంప్యూటరు మీటలు నొక్కేవారు. సందుల్లో నశ్యం చేరి, సున్నా మీట ఒకసారి నొక్కితే మళ్ళీ లేచేది కాదు. తెర మీద సున్నాలు బారులు తీరేవి. తలపిన్నుతో ఆ సందులు గీకడం నా పని. రోతగా ఉంది మాస్టారూ అని ఒకసారి అనేశాను. రోతైతే గుడ్డ తెచ్చుకోమన్నారు గానీ నశ్యం మానలేదు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా పలకరించడం చేతకాదు. పరీక్ష తప్పిన పిల్లల్ని ఓదార్చడం అంతకంటే రాదు.

ఇంకో అలవాటు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునే ముందు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక ఊపు ఊపేవారు. టీ గ్లాసు పెట్టే ముందు బల్లని ఊపేవారు. ఊళ్ళోనే తోర్వా పేటలో ఉండే మా పెదనాన్న కొత్త సోఫా కొని ముచ్చటగా టీకి పిలిస్తే దాన్నీ ఊపి, ఒక కాలు పొట్టిదని తేల్చి చెప్పారు. పెదనాన్న మళ్ళీ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు.

ఇక ఆయన చేసిన పని గురించి. ఇనుము, క్రోమియం, మాంగనీసు లాంటి లోహాల్ని బోరాన్‌తో కలిపి బాగా కాలిస్తే బోరైడులు తయారవుతాయి. ఉక్కుని కూడా గీరేంత గట్టివి వాటిలో ఉన్నాయి. లోపల పరమాణువులు ఏ వరసలో సర్దుకుని కూర్చున్నాయన్న దాన్ని బట్టి ఆ గట్టిదనం ఉంటుంది. ఆ వరసే స్ఫటికం. నా చదువంతా హిందీలోనూ ఇంగ్లీషులోనూ సాగింది, స్ఫటికం అన్న మాట తెలుగులో నేను ఆయన నోటే మొదట విన్నాను. మామూలుగా అయితే పదార్థాన్ని కొలిమిలో వండి, ఎక్స్‌రేలు పంపి లోపలి వరస కనుక్కుంటారు. మాస్టారికి కొలిమీ లేదు, ఎక్స్‌రే యంత్రమూ లేదు. ఇంకా ఎవరూ వండని బోరైడు లోపల ఎలా ఉంటుందో లెక్కకట్టి ముందే చెప్పాలని ఆయన పంతం.

పద్ధతి వినడానికి తేలికే. ఇప్పటికే తెలిసిన బోరైడుల వరసల్ని ఇళ్ళ ప్లాన్లు అనుకోండి. కొత్త బోరైడు పరమాణువుల్ని ఒక్కొక్క ప్లానులో కూర్చోబెట్టి శక్తి ఎంతో లెక్క తీయాలి. ఏ ఇంట్లో శక్తి అన్నిటికంటే తక్కువని తేలితే అవి ఆ ఇంట్లో కాపురం ఉంటాయని అర్థం. బోరాన్ గురించి మాస్టారు ఎప్పుడూ ఒక మాట అనేవారు.

“బోరాను మన తెలుగోళ్ళ లాంటిదే అమ్మాయ్. ఒక్కడున్నంతసేపూ తలొంచుకుని డ్యూటీ చేసుకుంటాడు. ఇద్దరైతే జత కడతాడు. ఇంకొందరొస్తే గొలుసు. మరీ ఎక్కువైపోతే సంఘం పెట్టీస్తాడు.”

బోరాన్ పాలు పెరిగే కొద్దీ ఆ పరమాణువులు నిజంగానే ఒంటరిగా, జతలుగా, గొలుసులుగా, పలకలుగా సర్దుకుంటాయి. పాఠం అలా బుర్రకెక్కింది. అయితే మా ఊరి తెలుగు సంఘం అధ్యక్షుడూ, కాలేజీలో మాస్టారి పైన ఉన్న డిపార్టుమెంటు హెడ్డూ ఒకే మనిషి. ఈ మాట మోసుకుపోయి ఆయన చెవిలో వెయ్యడానికి జనానికి ఎంతోసేపు పట్టలేదు.

హెడ్డుగారిదీ మన భాషే, కృష్ణా వైపు. మాస్టారు ‘ఏటి’ అన్నప్పుడల్లా నలుగురిలో ఆ మాటని సాగదీసి వెక్కిరించేవాడు. డిపార్టుమెంటుకి వచ్చిన ఒకే ఒక కంప్యూటరుని తన గదిలో పెట్టుకుని, కుట్టుపూల గుడ్డ కప్పి, చెప్పులు విప్పితేగాని లోపలికి రానిచ్చేవాడు కాదు. దసరాకి దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. మిగతా ఏడాదంతా అది సంఘం ఆహ్వానాలు అచ్చేసి పెట్టేది. చదువుకున్నవాడు యంత్రానికి ఇంత భక్తితో ఇంత ద్రోహం చెయ్యడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అడిగి అడిగి విసుగొచ్చి మాస్టారు నాగపూరులో ఎవరో తీసేసిన కంప్యూటరొకటి తెచ్చి క్వార్టరు ముందుగదిలో పెట్టుకున్నారు. ఊళ్ళో దయాల్‌బంద్‌ పేటలో కరెంటు పోయినా, సర్కండాలో పోయినా రైల్వే క్వార్టర్లకి అంత తొందరగా పోదు. రోజుల తరబడి ఆగకుండా సాగాల్సిన లెక్కలకి అదే దిక్కయింది. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగదు కదా, పిన్ని గిన్నె తెచ్చి వేడిగాలి కొట్టే వైపు కంప్యూటరుకి ఆనించి పెట్టేది. లెక్క తప్పినా ఇడ్లీలు మాత్రం దూదిలా వచ్చేవి. నేను అప్పుడే ఎమ్మెస్సీ అయి స్కూల్లో టీచరుగా చేరాను. సాయంత్రాలూ ఆదివారాలూ పరమాణువుల స్థానాలు టైపు చేసిపెట్టేదాన్ని. నాకు ఎవరూ చెప్పని విద్య ఆ పిండిగిన్నె పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

మాస్టారి పీహెచ్‌డీకి గైడు కూడా హెడ్డుగారే. ఒక మాంగనీసు బోరైడు, ఎవరూ తయారు చెయ్యని పాళ్ళలో, వాళ్ళ విషయం. లెక్కలో అన్నిటికంటే కింద తేలిన ఇల్లు చూడముచ్చటగా ఉంది. బోరాన్‌లు చదునైన పలకలుగా పరుచుకుని, రెండు పలకల మధ్య మాంగనీసులు సరిగ్గా నడిమధ్యన, ఏ వైపు నుంచి చూసినా ఒకేలా. హెడ్డుగారు తన పేరు ముందు పెట్టి ఒక సదస్సులో ప్రకటించేశాడు. రంగుల బంతులూ ఇనుప ఊచలూ పెట్టి దాని నమూనా చేయించి, డిపార్టుమెంటు గుమ్మం ఎదుట అద్దాల బీరువాలో పెట్టించాడు. మాస్టారి థీసిస్ టైపు అయిపోయింది. అది ఇచ్చేస్తే డాక్టరేటు, డాక్టరేటు వస్తే లెక్చరరు మీది రీడరు పోస్టు. పిన్ని అప్పుడే ఆఫీసులో అందరికీ స్వీట్లు ఏ కొట్లోవి పంచాలో కూడా అనేసుకుంది.

థీసిస్ ఇచ్చే ముందు ఒక ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి మాస్టారు తెర ముందు కూర్చుని ముక్కు రుద్దుకుంటున్నారు. ఇంత అందంగా ఉన్నదాన్ని తాను ఇంతవరకూ ఊపి చూడలేదని ఆయన బాధ. నాకు మొదట అర్థం కాలేదు. జనరల్ బోగీలో పండగ రద్దీని తలుచుకోమన్నారు. నాలుగు వైపుల నుంచీ సమానంగా తోస్తుంటే మధ్యలోవాడు కదలడు. అంతమాత్రాన వాడు హాయిగా నిలబడ్డాడని కాదు, ఇరుక్కున్నాడు. మన పరమాణువులు కూడా అంతేనేమో, అన్ని వైపుల తోపుడూ సమానంగా ఉండబట్టి కదలకుండా ఉంటే, కంప్యూటరు ‘ఇదే వీటి ఇల్లు’ అని చెప్పేస్తుంది. తేల్చుకోవాలంటే ఒక్కొక్కదాన్నీ రవ్వంత పక్కకి తోసి వదిలిపెట్టాలి. నిజంగా అదే వాటి ఇల్లయితే వెనక్కి వచ్చేస్తాయి.

తోసి వదిలాం. లెక్క కొన్ని రోజులు నడిచింది. పరమాణువులు వెనక్కి రాలేదు. చదునైన పలకలు వంకరపోయాయి. మాంగనీసులు నడిమధ్య చోట్లు వదిలేసి ఒకదాని పక్కకి ఒకటి జరిగాయి. శక్తి దిగి, దిగి, ముందున్నదానికంటే కిందకి పోయి అక్కడ నిలిచింది. ఈసారి మళ్ళీ తోసినా చలించలేదు. వంకరటింకరగా, చూడ్డానికి నలిగిన బట్టలా ఉంది. అద్దాల బీరువాలోది తప్పని తేలిపోయింది.

“చూసీసావా అమ్మాయ్, మన మేడ కూలిపోయింది,” అన్నారు మాస్టారు, నవ్వుతూనే. “కదలకపోవడం వేరు, కుదురుకోవడం వేరు.”

అయితే ఈ వంకరదే అసలుదా అని అడిగాను. తెలీదన్నారు. మనం వెతికిన ఇళ్ళలో ఇది మెరుగు, మనకి తట్టని ఇల్లు ఇంకెక్కడో ఉండొచ్చు, ఎవరైనా వండి చూసేదాకా అంతకంటే చెప్పకూడదు అన్నారు. అంత మాత్రం తెలియడానికి ఆయన జీవితంలో సగం పట్టింది. ‘తెలీదు’ అన్న మాట చెప్పడానికి సిగ్గుపడని చదువుకున్న మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. అందుకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

మర్నాడు ఆయనతో పాటు కాగితాలు పట్టుకుని నేనూ హెడ్డుగారి గదికి వెళ్ళాను. చెప్పులు విప్పే వెళ్ళాం. మాస్టారు మొత్తం విడమరిచి చెప్పి, సదస్సులో ప్రకటించింది వెనక్కి తీసుకుందామనీ, థీసిస్ మళ్ళీ రాస్తాననీ అన్నారు. హెడ్డుగారు కాగితాలు చేత్తో ముట్టుకోలేదు. పాన్ నములుతూ విన్నాడు.

“ఏమయ్యా, ఈ ప్రపంచంలో ఆ పదార్థాన్ని ఎవడు తయారు చేస్తాడు, ఎవడు చూస్తాడు? ఉన్నది ఉన్నట్టు ఇచ్చేసి డాక్టరు అనిపించుకో,” అన్నాడు.

“ఎవడూ చూడలేదనే కదండీ మనం లెక్క కట్టీది. కంటికి కనిపించీదైతే నేనెందుకు, మీరెందుకు?” అన్నారు మాస్టారు.

కాదు కూడదంటే రీడరు పోస్టు ఈ జన్మకి రాదని హెడ్డుగారు చాలా మెత్తగా చెప్పాడు.  మాస్టారు థీసిస్ ఇవ్వనని చెప్పి వచ్చేశారు. ఆ తరవాత ఏమైందో ఊహించడం కష్టం కాదు. హెడ్డుగారి అల్లుడు అదే చదునైన పలకల మీద, మాంగనీసు బదులు ఇంకో లోహం పెట్టి, డాక్టరేటు పుచ్చుకుని రీడరయ్యాడు. తప్పని తెలిసిన దాని మీద నిలబడి మావగారూ అల్లుడూ పిల్లలకి నీతులు చెప్పారు. ఛీ, తలుచుకుంటేనే నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

పిన్ని మాత్రం మాస్టారిని క్షమించలేదు. ఆఫీసులో ఏమని చెప్పాలో తెలియక చాలా రోజులు తలెత్తుకోలేకపోయింది. తెర మీది ఆ గుండ్లు మీకు కూడు పెడతాయా అని కంచం దగ్గరే నిలదీసేది. ఆయన లెక్చరరుగానే ఉండిపోయి, లెక్చరరుగానే రిటైరయినప్పుడు ఆ దెప్పు మరీ పెరిగింది.  మాస్టారు తనకి జరిగిన అన్యాయం గురించి ఎవరితోనూ ఫిర్యాదు చేసుకోలేదు. ఆయన అడిగినదల్లా ఒకటే, ఆ అద్దాల బీరువాలో నమూనా తీసేయమని. కనిపించినప్పుడల్లా హెడ్డుగారిని అడిగేవారు. బోర్డు మీద తప్పు రాసి తుడవకుండా వెళ్ళిపోతే వాడేం మాస్టారని నాతో అనేవారు. వాళ్ళు తీయలేదు.

ఇప్పుడు సభ సంగతి. కర్మలు అయ్యాక వచ్చిన ఆదివారం సాయంత్రం తెలుగు సంఘం హాల్లో పెట్టారు. ఇప్పుడు మేముంటున్న రాజ్‌కిశోర్ నగర్ నుంచి మేమిద్దరం స్కూటరు మీద వెళ్ళాం. లోపల అడుగు పెట్టగానే నాకు కనిపించింది వేదిక మీద బల్ల, బల్ల మీద మాస్టారి ఫొటో, ఫొటో పక్కన ఆ నమూనా. అద్దాల బీరువాలోంచి తీసి, దుమ్ము తుడిచి, దానికీ ఒక బంతిపూల దండ వేశారు. బతికున్నన్నాళ్ళూ ఆయన తీసేయమన్నదాన్ని తెచ్చి ఆయన పక్కనే కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు ఫొటో మీద కొన్ని పువ్వులు, దాని మీద కొన్ని పువ్వులు వేసి దణ్ణం పెట్టుకుంటున్నారు. ఏం తెలుసు పాపం వాళ్ళకి. నేను వెనక్కి తిరిగి బయటికి నడవబోయాను. మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

అల్లుడు మాట్లాడాడు. మాస్టారు తనకి తండ్రిలాంటివారన్నాడు. రిటైరై ఏళ్ళయినా అందరూ హెడ్డుగారనే పిలిచే హెడ్డుగారు లేచి, జేబురుమాలు తీసి, లేని కన్నీళ్ళు ఒత్తుకున్నాడు. ‘మా ఇద్దరి స్ఫటికం’ అన్నాడు. ‘మా ఇద్దరి తపస్సు’ అన్నాడు. ఆయన పాండిత్యానికి తగిన గుర్తింపు రాకపోవడం తన గుండెలో ముల్లన్నాడు. ఆ ముల్లు ఇప్పుడు తీస్తానని ప్రకటించాడు. మాస్టారు ఇవ్వనన్న ఆ థీసిస్ ప్రతి తన దగ్గర భద్రంగా ఉందట. విశ్వవిద్యాలయంలో పెద్దలతో మాట్లాడి మరణానంతరం డాక్టరేటు ఇప్పిస్తాడట. ఇంటావిడ ఒక్క మాట సరేనంటే చాలట. హాలంతా చప్పట్లు. ఆ థీసిస్‌కి పట్టా వస్తే తప్పు ఇక తప్పు కాకుండా పోతుంది. అల్లుడి రీడరు కుర్చీని ఎవరూ ఎప్పుడూ ఊపి చూడరు. ఆ లెక్క నాకు అర్థమైంది, ఆ హాల్లో ఇంకెవరికైనా అర్థమైందో లేదో తెలీదు.

పిన్ని ముందు వరసలో కూర్చుని ఉంది. జీవితమంతా ఆవిడ కోరుకున్నది అదే. నేను ఆవిడ మొహం చూడలేక తల దించుకున్నాను. సరేనంటుందనే అనుకున్నాను. అంటే తప్పు పట్టడానికి నేనెవర్ని? లేచి వేదిక మీదకి వెళ్ళింది. హెడ్డుగారు మైకు అందించాడు. ఆవిడ మైకు పుచ్చుకోకుండా ముందు నమూనా మెడలోంచి దండ తీసి బల్ల మీద పెట్టింది. తరవాత మైకులో, ఆఫీసులో ఫైలు గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

“ఇది మా ఆయన కాదనీసినదండి. తప్పని చెప్పి తీసీయమన్నారు, మీరు తీయలేదు. డాక్టరేటు నాకు కావాలనుండీది. దానికోసం ఆయన్ని అన్నం తిననిచ్చీదాన్ని కాదు. మీరు పెద్దవారు, ఇస్తానంటన్నారు. ఆయన బతికుండగా వద్దన్నది, ఆయన లేరు కదా అని నేను పుచ్చుకుంటే ఏటవుతాదండి? నాకొద్దు.”

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. హెడ్డుగారు ఆవిడ దుఃఖంలో ఉన్నారని సర్దిచెప్పబోయాడు. దుఃఖంలోనే ఉన్నాను గానీ తెలివిలోనే ఉన్నానని చెప్పి, ఆవిడ బల్ల మీంచి ఫొటో తీసుకుని వేదిక దిగింది. మెట్ల దగ్గర నేను చెయ్యి అందించాను. బయట చినుకులు. మా ఆయన రిక్షా పిలిచాడు. నేను పిన్ని పక్కన ఎక్కాను. నమూనా లోపలే ఉండిపోయింది, దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టే ఉంటారు.

దారిలో రైలుగేటు వేసి ఉంది. బొగ్గు వ్యాగన్ల రేకు వెళ్తోంది, ఎంతకీ తెగదు. పిన్ని ఒళ్ళో ఫొటో. సభ మొదట్లో హెడ్డుగారు తన బొటనవేలితో ఆ అద్దం మీద, సరిగ్గా మాస్టారి నుదుటి దగ్గర, గంధమూ కుంకుమా దట్టంగా పెట్టాడు. ఆవిడ చీర కొంగు చినుకుల్లో తడిపి దాన్ని తుడవడం మొదలుపెట్టింది. ఎర్రగా అద్దమంతా అలుముకుంది. మళ్ళీ తడిపింది, మళ్ళీ తుడిచింది. రేకు పోయింది, గేటు ఎత్తారు, రిక్షా కదిలింది. ఆవిడ ఇంకా తుడుస్తూనే ఉంది.